ఒకనాటి యాత్ర

“పెరటి చెట్టు మందునకు పనికిరాదు” అను సామెత తెలుగునాట మిక్కిలి ప్రసిద్ధమైనది. సమీపమున నున్న వస్తువు ఎంత గుణము కలదైనను దానియందు గౌరవము కలుగదు. దూరమున నున్నది సామాన్యమైనను గొప్పదిగా తోచును. ఈ సామెత చెట్ల విషయమున ఎంత నిజమో, ఊళ్ల విషయమునను అంతే నిజము.

విశాఖపట్టణమున పుట్టి పెరిగిన ఒక బాలుని పిలిచి, “నీవు చూడగోరు స్థలములు ఏవి?” అని అడిగినచో, అతడు తడువుకొనక ఆగ్రా, మైసూరు, ఊటీ అని చెప్పును. “భీమునిపట్టణమున డచ్చివారి సమాధులను చూచితివా? అనకాపల్లి చెంత శంకరము కొండ ఎక్కితివా? విజయనగరమున గురజాడ అప్పారావు నివసించిన ఇంటిలో అడుగు పెట్టితివా?” అని అడిగినచో, తల వంచుకొనును. ఆ మూడు స్థలములును ఉదయమున బయలుదేరి, చూడవలసినది చూచి, చీకటి పడకముందే ఇల్లు చేరదగినంత దూరముననే ఉన్నవి. తప్పు బాలునిది కాదు. అవి చూడదగినవని అతనికి చెప్పినవారు లేరు. చెప్పినవారున్నను, తీసికొనిపోయినవారు లేరు.

పాఠశాలలలో విహారయాత్ర యనగా దూరప్రయాణమని అర్థమైపోయినది. నాలుగు దినములలో ఏడెనిమిది ఊళ్లు చూపెదమని ప్రకటింతురు. రాత్రులు బస్సులో ప్రయాణము, పగలు నిద్రమత్తు. ఒక్కొక్క స్థలమున అరగంట నిలుతురు. ఆ అరగంటలోను సగము కాలము ఫలహారములకును, మిగిలిన సగము ఛాయాచిత్రములకును చెల్లిపోవును. తిరిగివచ్చిన పిమ్మట “ఏమి చూచితివి?” అని అడిగినచో, విద్యార్థి ఊళ్ల పేర్లు వరుసగా చెప్పగలడు, అంతకుమించి చెప్పలేడు. కన్ను చూచినదేగాని మనస్సు చూడలేదు.

ఇంతకంటె పెద్ద లోపము మరియొకటి కలదు. ఒక తరగతిలో 40 మంది విద్యార్థులు కలరనుకొనుడు. దూరయాత్రకు కావలసిన సొమ్ము వారిలో 25 మంది మాత్రమే చెల్లింపగలరనుకొనుడు. తక్కిన 15 మంది ఏమగుదురు? వారిలో వేటకు పోవు మత్స్యకారుని కుమారుడు ఉండవచ్చును. రేవులో మూటలు మోయు కూలివాని కుమార్తె ఉండవచ్చును. తోటివారు ఊళ్లు తిరుగుచుండగా వీరు ఖాళీ బల్లల నడుమ కూర్చుందురు. యాత్ర ముగించి వచ్చినవారు ముచ్చట్లు చెప్పుకొని నవ్వుచుండగా, వీరును నవ్వుచున్నట్లు నటింతురు. సొమ్ము గలవారి బాలికలలోను కొందరికి ప్రయాణము సిద్ధింపదు. రాత్రులు వెలుపల గడుపుటకు తల్లిదండ్రులు సమ్మతింపరు. తరగతి యంతటికి ఉద్దేశింపబడిన విద్య ఈ విధముగా కొందరి వినోదముగా మారుచున్నది. పాఠశాలలో ఒకే బల్లపై కూర్చుండినవారిని వేరుచేయు యాత్ర విద్యాయాత్ర కాజాలదు.

కావున ఏడాదికి ఒక్కసారి దూరదేశములకు పరుగులెత్తుటకంటె, ఏడాదిలో మూడు నాలుగు మారులు ఒక్కొక్క దినమున ఒక్కొక్క సమీపపట్టణమును చక్కగా చూచుట మేలు. దానికి కావలసినది రైలు లేదా బస్సు టిక్కెట్టు, ఇంటినుండి తెచ్చుకొన్న పులిహోర, ఒక నీళ్ల సీసా, ఒక పుస్తకము, ఒక పెన్సిలు. ఇంతమాత్రమునకు తరగతిలో వెనుకబడువారు అరుదు. ఒకరిద్దరికి కష్టమైనను ఆ కొద్ది సొమ్మును తరగతియే సర్దుకొనవచ్చును. ప్రొద్దు గ్రుంకకముందే ఇల్లు చేరుదురు గనుక బాలికల తల్లిదండ్రులకును అభ్యంతరముండదు.

అయితే చిన్నయాత్ర యైనంతమాత్రమున ఆలోచన లేక బయలుదేరరాదు. కాలము తక్కువగా నున్నప్పుడే లెక్క ఎక్కువగా కావలెను.

మొదట నిర్ణయింపవలసినది ప్రశ్న. “ఎక్కడికి పోవుదము?” అనుటకు ముందు “ఏమి తెలిసికొనుటకు పోవుదము?” అని తరగతి తనను తాను ప్రశ్నించుకొనవలెను. ప్రశ్న లేక పోయినవాడు సంతకు పోయి ఏమియు కొనక తిరిగివచ్చినవానివంటివాడు.

రెండవది కాలనిర్ణయము. ఉదయము 6 గంటలకు బయలుదేరి సాయంకాలము 6 గంటలకు తిరిగిరావలెనన్నచో చేతిలో ఉన్నవి 12 గంటలు. ఇందులో ప్రయాణమునకు నాలుగు గంటలకు మించి వినియోగింపరాదు. మిగిలిన ఎనిమిది గంటలలో భోజనమునకు, విశ్రాంతికి రెండు గంటలు తీసివేసినను, చూచుటకు ఆరు గంటలు మిగులును. ఈ లెక్కతో చూచినచో అరకులోయ యొకనాటి యాత్రకు తగినది కాదని తేలును. అది విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున కొండలపై నున్నది. రైలులో పోవుటకే నాలుగు గంటలు పట్టును. వచ్చుటకు మరి నాలుగు. ఇక చూచుటకు మిగులునది ఏమి? అరకు పోవలదని దీని భావము కాదు. దానికి రెండు దినములు కేటాయింపవలెను. లేదా రైలుమార్గమునే చూడవలసిన వస్తువుగా భావింపవలెను. బైలదిల్లా ఇనుపఖనిజమును రేవునకు చేర్చుటకై 1960వ దశకమున కొండలను తొలిచి వేసిన ఆ మార్గమున 50కి పైగా సొరంగములు కలవు. ఆ నిర్మాణమును తెలిసికొనుటయే ప్రశ్న యైనచో రైలులో గడపిన ప్రతి గంటయు సార్థకమే. ప్రశ్న మారినచో లెక్కయు మారును.

మూడవది ఋతువు. కోస్తా ప్రాంతమున ఏప్రిల్, మే నెలల ఎండ పిల్లలు ఓర్వదగినది కాదు. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును ఎట్లు అల్లకల్లోలము చేసినదో పెద్దలను అడిగి తెలిసికొనవచ్చును. డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు గల చలికాలము యాత్రలకు అనుకూలమైనది.

నాలుగవది పనుల పంపకము. ఒకరు గడియారము చూచి వేళను హెచ్చరింపవలెను. ఒకరు ఖర్చులు వ్రాయవలెను. బస్సు ఎక్కినప్పుడును, దిగినప్పుడును తలలు లెక్కించు భారము ఇద్దరు వహింపవలెను. ఒకరు మందుల సంచి మోయవలెను. పని లేని విద్యార్థి యాత్రలో సామానుతో సమానము. పని గలవాడు యాత్ర తనదని భావించును.

ఇక విశాఖపట్టణమునుండి చేయదగిన మూడు యాత్రలను ఉదాహరణముగా పరిశీలింపవచ్చును.

మొదటిది భీమునిపట్టణము. సముద్రపుటొడ్డున సాగు మార్గమున ఇది సుమారు 30 కిలోమీటర్లకు లోపుగనే యున్నది. రైలు లేదు, బస్సులో గంట ప్రయాణము. ఇచ్చట గోస్తనీనది సముద్రమున కలియును. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రాగుహల గుండ ప్రవహించి వచ్చిన నది ఇదియే. 17వ శతాబ్దమున డచ్చివర్తకులు ఇచ్చట స్థావర మేర్పరచుకొనిరి. 1825లో ఈ పట్టణము ఆంగ్లేయుల వశమైనది. 1861లోనే ఇచ్చట పురపాలకసంఘ మేర్పడినది. ఒకప్పుడు ఓడలు ఆగిన ఈ రేవు నేడు ప్రశాంతమైన చిన్న పట్టణము. కావున ఇచ్చటికి పోవు తరగతి తీసికొనిపోవలసిన ప్రశ్న ఇది: “ఆ ఓడలు ఎక్కడికి పోయినవి?”

దీనికి సమాధానమును పుస్తకమున చదివిన దానికంటె ఒడ్డున నిలిచి చూచిన విద్యార్థి సులభముగా గ్రహించును. భీమునిపట్టణపు ఒడ్డు తెరపియైనది. పెద్ద ఓడ ఒడ్డునకు రాజాలదు. దూరమున సముద్రములోనే నిలువవలెను. సరకులను చిన్న పడవలలో అలలమీదుగా మోసికొనిపోవలెను. విశాఖపట్టణమునకో, డాల్ఫిన్స్ నోస్ అను కొండకొమ్ము చాటుగా నిలిచినది. ఆ చాటున లోతు త్రవ్విన రేవు 1933లో ప్రారంభమైనది. మద్రాసు, కలకత్తాలను కలుపు రైలుమార్గము విశాఖపట్టణమునకు అందినదిగాని భీమునిపట్టణమును తాకలేదు. రైలు ఉన్నచోటికి సరకు పోయినది. సరకు ఉన్నచోటికి ఓడ పోయినది. తాను పుట్టిన నగరము పెరుగుటకును, పొరుగున నున్న పట్టణము తగ్గుటకును కారణ మొక్కటియే యని తెలిసినప్పుడు విద్యార్థికి భూగోళము, చరిత్ర వేరువేరు పాఠములు కావని తోచును. పిమ్మట డచ్చివారి సమాధుల నడుమ నిలిచి, ఆ రాళ్లపై చెక్కిన సంవత్సరములను చదివినప్పుడు, వేలకొలది క్రోసుల దూరమునుండి వచ్చి ఇచ్చటనే కన్నుమూసినవారిని గూర్చి అతడు ఒక్క నిమిషము మౌనముగా ఆలోచించును. ఆ ఒక్క నిమిషమే యాత్రాఫలము.

రెండవది అనకాపల్లి. ఇది రైలులో సుమారు గంట ప్రయాణము. 2022లో జిల్లా కేంద్రమైన ఈ పట్టణము బెల్లమునకు పేరెన్నికగన్నది. ఇచ్చటి బెల్లపు విపణి దేశమున పెద్దవానిలో నొకటి. శారదానది పరిసరముల చెరకుతోటలే దీనికి ఆధారము. చెరకు ఆడు కాలమున చుట్టుపట్ల గ్రామములలో బెల్లము వండు విధానమును కన్నులార చూడవచ్చును. గానుగలో చెరకు నలిగి రసము కారును. ఆ రసమును పెద్ద పెనములో పోసి, ఎండిన చెరకు పిప్పినే వంటచెరకుగా మండించి కాతురు. సున్నము చేర్చి, పైకి తేలిన మడ్డిని తీసివేయుదురు. పాకము ముదిరిన పిమ్మట అచ్చులలో పోసి ఆరనిత్తురు. చెరకు తన్ను తానే వండుకొనుచున్నట్లుండు ఈ పనిలో వ్యర్థమగున దేమియు లేకపోవుట విద్యార్థులు గమనింపవలసిన విషయము.

పట్టణమునకు కొద్ది కిలోమీటర్ల దూరమున శంకరము అను గ్రామము కలదు. సంఘారామము అను మాటయే కాలక్రమమున శంకరముగా మారినదందురు. ఇచ్చటి జంటకొండలలో ఒకటి బొజ్జన్నకొండ, రెండవది లింగాలకొండ. కొండరాతిని తొలిచి గుహలు చేసిరి. గోడలపై బుద్ధుని ప్రతిమలను చెక్కిరి. రాతిలోనే స్తూపములను మలచిరి. లింగాలకొండపై బారులు తీరిన చిన్న స్తూపములను చూచి, తరువాతికాలపు ప్రజలు వానిని శివలింగములుగా భావించుటచే ఆ కొండకు ఆ పేరు కలిగినది. 20వ శతాబ్దపు తొలి దశకమున అలెగ్జాండర్ రీ అను పురావస్తు శాస్త్రజ్ఞుడు ఇచ్చట త్రవ్వకములు జరిపించిన పిమ్మట దీని చరిత్ర లోకమునకు విశదమైనది.

ఇచ్చటికి పోవువారు తీసికొనిపోవలసిన ప్రశ్న: “ఈ కొండపై నివసించిన భిక్షువులకు అన్నము పెట్టినవా రెవరు?” కొండపై నిలిచి నలుదిక్కులు చూచినచో సమాధానము కన్నులయెదుటనే పరచుకొని యుండును. చుట్టును పచ్చని పొలములు. ఆ పొలముల నడుమ ఊళ్లు. భిక్షువు మధ్యాహ్నమునకు ముందే భుజింపవలెనని వారి నియమము. ఉదయమున కొండ దిగి, ఊరిలో భిక్ష స్వీకరించి, ఎండ ముదురకముందే ఆరామమునకు తిరిగి రావలెను. కావున ఆరామము ఊరి సందడికి దూరముగాను, ఊరి అన్నమునకు దగ్గరగాను ఉండవలెను. అంత యోచనతో వారు ఈ కొండను ఎన్నుకొనిరి. పోయి రాదగినంత దూరమును లెక్కించుట నేటి యాత్రికుడు క్రొత్తగా నేర్చిన విద్య కాదని దీనివలన తెలియుచున్నది.

మూడవది విజయనగరము. ఇది సుమారు 60 కిలోమీటర్ల దూరమున నున్నది. రైలు పెందుర్తి, కొత్తవలస, అలమండ, కోరుకొండ స్టేషన్ల మీదుగా సాగును. కొత్తవలసయొద్ద అరకువైపు పోవు మార్గము చీలును. దానిని కిటికీనుండి కనిపెట్టిన విద్యార్థి పటమును చదువ నేర్చినవాడు. విజయనగరమున 1713లో నిర్మింపబడిన రాతికోట కలదు. గజపతిరాజులు ఏలిన ఊరిది. 1919లో ఇచ్చట సంగీతకళాశాల స్థాపింపబడినది. దాని మొదటి అధ్యక్షుడు హరికథాపితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఫిడేలు విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు ఆ పదవి నలంకరించెను. ఘంటసాల వెంకటేశ్వరరావు సంగీతము నభ్యసించినది ఇచ్చటనే. పి. సుశీలయు ఇచ్చట చదివినవారే. “కన్యాశుల్కము” మొదటిసారి 1892లో ప్రదర్శింపబడినది ఈ ఊరిలోనే. దాని కర్త గురజాడ అప్పారావు నివసించిన ఇల్లు నేటికిని నిలిచి యున్నది.

ఇచ్చటికి తీసికొనిపోదగిన ప్రశ్న: “ఊరికి పేరు తెచ్చునది కోటయా, పాటయా?” దీనికి సమాధానము ఒక్కటియే కాకపోవచ్చును. కోట లేనిదే రాజు లేడనియు, రాజు లేనిదే కళాశాల లేదనియు ఒకడు వాదింపవచ్చును. రాజ్యము పోయినను పాట నిలిచినది గదా యని మరియొకతె బదులు చెప్పవచ్చును. తిరుగు రైలులో ఆ వాదము సాగుచుండగా ఉపాధ్యాయుడు తీర్పు చెప్పక ఊరకుండుట మంచిది. విద్యార్థులు తామై వాదింపదగిన ప్రశ్నతో తిరిగి వచ్చినచో, ఆ యాత్ర ఆనాటితో ముగిసిపోలేదన్న మాట.

ఇట్టి యాత్రలపై కొందరు కొన్ని ఆక్షేపణలు చేయుదురు. “దగ్గరి ఊళ్లేగదా, ఎప్పుడైన చూడవచ్చును” అనునది మొదటిది. ఎప్పుడైన చూడవచ్చునన్నది ఎప్పుడును చూడబడదు. ముసలివారిని అడిగినచో, అరువది ఏండ్లు పొరుగూరి గుట్ట క్రిందుగా ప్రయాణము చేసియు దాని నెక్కనివారు ఎందరో కనిపింతురు.

“పాఠములు వెనుకబడును” అనునది రెండవది. ఏడాదిలో మూడు దినములు యాత్రకు పోయినంతమాత్రమున వెనుకబడు పాఠములు, ఆ మూడు దినములు మిగిలినను ముందుకు సాగవు. పైన చెప్పిన యాత్రలలో భూగోళము, చరిత్ర, సాహిత్యము, లెక్కలు ఏకమై యుండుట తెలియుచునే యున్నది.

“ప్రమాదములు జరుగవా?” అనునది మూడవది. ఇది త్రోసివేయదగినది కాదు. ఈ తీరమున సముద్రము చూచుటకు సౌమ్యముగా నున్నను లోగుంజు గలది. మోకాటిలోతు నీటిలో నిలిచినవానిని సైతము వెనుకకు పోవు అల లాగికొనిపోగలదు. నది సముద్రమున కలియు చోట ప్రవాహము మరింత మోసకరమైనది. ఎందరో తల్లిదండ్రులు ఈ తీరమున బిడ్డలను పోగొట్టుకొనిరి. కావున విద్యార్థుల యాత్రలో సముద్రము చూచుటకేగాని దిగుటకు కాదు. ఈ నియమమునకు మినహాయింపు ఉండరాదు. ఎంతటి ఈతగానికైనను, ఎంత బ్రతిమాలినను ఉండరాదు. ఈ ఒక్కమాటకు కట్టుబడలేని తరగతి ఇంటివద్ద ఉండుటయే మేలు. అయితే భయము జాగ్రత్తకు కారణము కావలెనేగాని గడప దాటకుండుటకు కారణము కారాదు.

“తాజమహలు చూడవలదా?” అనునది నాలుగవది. తప్పక చూడవలెను. కాని చూచుట యనునది ఒక విద్య. పొరుగూరి రాతిని ప్రశ్నింప నేర్చినవాడు ఆగ్రాలోని రాతినిగూడ ప్రశ్నింపగలడు. దగ్గరిదానియందు అభ్యాసము లేనివానికి దూరమునగూడ కనుపించునది ఛాయాచిత్రము మాత్రమే.

సమీపస్థలములను చూడవలసిన అవసరమునకు మరియొక కారణము కలదు. అవి చిరకాలము ఉండునను నమ్మకము లేదు. భీమునిపట్టణపు మార్గముననే తొట్లకొండ కలదు. రెండువేల ఏండ్లనాటి బౌద్ధారామ మది. రాతిలో తొలిచిన నీటి తొట్లచే దానికి ఆ పేరు కలిగినది. అచ్చట దొరకిన రోమను వెండినాణెములు ఆనాటి సముద్రవ్యాపారమునకు సాక్ష్యములు. త్రవ్వకములలో వెలికి వచ్చిన అచ్చటి మహాస్తూపము 2019 అక్టోబరు నెలలోని భారీవర్షములకు కూలినది. ఆ మార్గముననే ఎర్రమట్టిదిబ్బలు కలవు. గాలి, నీరు వేల ఏండ్లు శ్రమించి మలచిన అట్టి దిబ్బలు అరుదైనవి. భూగర్భ శాస్త్రజ్ఞులు వానిని జాతీయ వారసత్వసంపదగా గుర్తించిరి. వేల ఏండ్లలో ఏర్పడిన దిబ్బను ఒక యంత్రము ఒక్కదినమున చదును చేయగలదు.

అట్టి చోట ప్రభుత్వము కంచె వేయవచ్చును, కావలివానిని నిలుపవచ్చును. కాని ఒక స్థలమును నిజముగా కాపాడునది దానిని తమదిగా భావించు ప్రజల ప్రేమ. చూడనిదానిని ఎవరును ప్రేమింపలేరు. నేడు ఎనిమిదవ తరగతి చదువు బాలబాలికలే మరి ఇరువది ఏండ్లకు ఇండ్లు కట్టువారు, రోడ్లు వేయువారు, ఆజ్ఞలపై సంతకములు చేయువారు కాగలరు. ఆనాడు ఒక దిబ్బను చదును చేయవలెనా, విడువవలెనా యను ప్రశ్న వారియెదుటికి వచ్చును. బాల్యమున ఆ దిబ్బపై నిలిచి దాని కథ విన్నవానికి కలము కొంచెము ఆగును. విననివానికి అది ఉత్త మన్ను.

ఇందువలననే యాత్రికుని నడవడి ముఖ్యమైనది. పురాతనమైన రాతిపై తన పేరు చెక్కువాడు తన అజ్ఞానమునకు శిలాశాసనము వ్రాయించుకొన్నవాడు. తిన్న పొట్లముల కాగితములను, సీసాలను తిరిగి సంచిలో వేసికొని రావలెను. దిబ్బల మన్నునుగాని, స్తూపపు ఇటుక ముక్కనుగాని జ్ఞాపకార్థమని తీసికొనిపోరాదు. ఊరివారితో మర్యాదగా మాటలాడవలెను. వలలు బాగుచేయు మత్స్యకారుడు, గానుగయొద్ద పాకము చూచు రైతు, కోటవాకిట పూలమ్ము అవ్వ – వీరందరును ఆ దినమునకు గురువులు. గురువు నడిగినట్లే వారిని అడుగవలెను. సెలవు తీసికొనునప్పుడు నమస్కరింపవలెను.

ఇల్లు చేరిన నాటి రాత్రియే ప్రతి విద్యార్థియు ఒక్క పుట వ్రాయవలెను. మరునాటికి వాయిదా వేసినచో సగము మరపున పడును. చూచినవన్నియు వ్రాయనక్కరలేదు. తీసికొనిపోయిన ప్రశ్నకు దొరకిన సమాధానము, దారిలో పుట్టిన క్రొత్త ప్రశ్న – ఈ రెండును చాలును. తరగతిలోని 40 పుటలును ఒక్కచోట కుట్టినచో అదియొక గ్రంథము. అందులో మత్స్యకారుని కుమారుడు వ్రాసిన పుటయు, వర్తకుని కుమార్తె వ్రాసిన పుటయు ప్రక్కప్రక్కన ఉండును. పడవను గూర్చి, రేవును గూర్చి తక్కిన అందరికంటె చక్కగా వ్రాసినవాడు ఆ మత్స్యకారుని కుమారుడే కావచ్చును. దూరయాత్రలో ఖాళీ బల్లల నడుమ మిగిలిపోవలసిన బాలుడు ఒకనాటి యాత్రలో తరగతికే పాఠము చెప్పువాడగును.

పెరటి చెట్టు మందునకు పనికిరాదను సామెత చెట్టునందలి లోపమును చెప్పుటలేదు. చూచువాని కంటిలోని లోపమును చెప్పుచున్నది. ఆ లోపమునకు చికిత్స సులభమైనది. ఒక ఆదివారము, ఒక టిక్కెట్టు, ఒక ప్రశ్న – వీనితో తెల్లవారుజామున గడప దాటినచో చాలును.